రెండు కారణాలు దొరికాక కూడా మూడోదాన్ని ఎందుకు వెతికాం: ఫ్యాక్టర్ 8కి లొంగని ఒక మోకాలి బ్లీడ్

నేపథ్యం

బాబుకి అప్పటికి 9 ఏళ్లు. తీవ్రమైన హీమోఫిలియా ఏ, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ మామూలు స్థాయిలో ఒక శాతం కన్నా తక్కువ. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. వైద్యం అర్థం కావడానికి అవసరం లేని కొన్నింటిని మార్చాను కూడా. నేను హీమోఫిలియా కేంద్రంలో నర్సుని. మందు ఏది, ఎంత అన్నది డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆ మందు నరంలోకి వెళ్లడం, వెళ్లాక పనిచేసిందో లేదో చూడడం మా చేతుల్లో ఉంటుంది. ఈ కేసు ఆ రెండో పని గురించి.

బాబు చిన్నప్పటి నుంచి బ్లీడ్ వచ్చినప్పుడు మాత్రమే ఫ్యాక్టర్ ఎక్కించుకుంటూ వచ్చాడు. అందుకే వయసుతో పోలిస్తే మందు ఒంట్లోకి వెళ్లిన రోజులు తక్కువ. పాత కాగితాలన్నీ కలిపి లెక్కేస్తే, కింద చెప్పే ఆపరేషన్‌కి ముందు 35 లోపే వచ్చాయి. మా దగ్గరికి రావడానికి సుమారు మూడు నెలల ముందు కిందపడి మోచేతి దగ్గర ఎముక విరిగింది. వేరే ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, వరసగా 11 రోజులు ఫ్యాక్టర్ 8 ఇచ్చారు. ఎముక బాగా అతుక్కుంది. ఇంటికి పంపేటప్పుడు వారానికి మూడుసార్లు 500 ఐయూ (మందుని కొలిచే యూనిట్లు) చొప్పున ప్రొఫిలాక్సిస్, అంటే బ్లీడ్ రాకుండా ముందే ఇచ్చే మందు, రాసిచ్చారు. వాళ్లమ్మ నరానికి సూది పెట్టడం నేర్చుకుంది, శ్రద్ధగా ఎక్కిస్తోంది. ఆమె రాసుకున్న పుస్తకంలో తేదీ, టైము, బ్యాచ్ నంబరు, ఏ చేతికి పెట్టిందీ అన్నీ ఉన్నాయి. అంత పద్ధతిగా రాసే తల్లిదండ్రులు తక్కువ. తర్వాత మాకు ఆ పుస్తకమే దారి చూపింది.

ఏ ఇబ్బందితో వచ్చారు

సాయంత్రం తీసుకొచ్చారు. కుడి మోకాలు మూడు రోజులుగా వాచి ఉంది. ముట్టుకుంటే వేడి. కాలు సగం ముడుచుకునే ఉంచుకున్నాడు, చాపబోతే ఏడుపు. రెండు మోకాళ్లనూ చిప్ప మధ్య ఒకే చోట టేపుతో కొలిస్తే కుడిది మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ. ఇంట్లో మూడు రోజులూ రోజుకొక 500 ఐయూ ఎక్కించారు. చివరిది మేం చూసేసరికి 14 గంటల కిందటిది.

బ్లీడ్‌తో వచ్చిన పిల్లల పెద్దవాళ్లని మూడు ప్రశ్నలు అడుగుతాం. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కించారు, ఎక్కించాక ఎంతసేపటికి తేడా కనిపించింది. హడావుడిలో మూడోది తరచుగా జారిపోతుంది. ఇక్కడ నేను అడగకముందే తల్లి చెప్పింది: "ఇదివరకు ఎక్కించిన రెండు మూడు గంటలకల్లా కాలు చాపేవాడు సిస్టర్. ఈసారి నీళ్లు ఎక్కించినట్టే ఉంది."

ఈ మాటని నేను కేస్ షీట్‌లో ఆమె అన్నది అన్నట్టే రాశాను. ఫ్యాక్టర్ అందిన కీలులో ముందు తగ్గేది నొప్పి, బిగుతు. వాపు తగ్గడానికి రోజులు పడుతుంది. ఆ తేడా బయటి వాళ్లకంటే పక్కన కూర్చున్న తల్లికే ముందు తెలుస్తుంది. ఒకే పిల్లాడిలో, ఒకే మందుకి, ఇన్నాళ్లూ వచ్చిన స్పందన ఇప్పుడు రావట్లేదని ఆమె చెబుతోంది. ఇంటి దగ్గర దొరికే సమాచారంలో ఇంతకన్నా విలువైనది నాకు తెలియదు.

హీమోఫిలియాలో మొదటి సూత్రం, ముందు ఫ్యాక్టర్, తర్వాతే పరీక్షలు. ఎక్స్‌రే కోసమో స్కాన్ కోసమో మందు ఆపకూడదు. అయితే సూది ఎలాగూ నరంలోకి వెళ్తోంది కాబట్టి, మందు ఎక్కించే ముందు అదే సూది నుంచి శాంపిల్ తీయడానికి అదనంగా నిమిషం కూడా పట్టదు. ఆ శాంపిల్ తీసి పక్కన పెట్టాం.

దొరికిన రెండు కారణాలు

బాబుని తూకం మీద నిలబెడితే 31 కిలోలు. ప్రిస్క్రిప్షన్‌లో 24. రెండేళ్ల నాటి పాత ఫైల్లోని బరువే ఆపరేషన్ కాగితాల్లోకీ, అక్కడి నుంచి ఇంటి మోతాదులోకీ వచ్చేసింది. పిల్లల్లో ఇది చాలా మామూలుగా జరుగుతుంది. మందు చీటీ కాపీ అవుతూ పోతుంది, పిల్లాడు మాత్రం పెరుగుతూ పోతాడు.

రెండోది వయల్స్. తల్లి మిగిలిన పెట్టెలను చల్లటి సంచిలో తెచ్చింది. రెండు అట్టపెట్టెలు తడిసి ఆరి ముడతలు పడ్డాయి. ఎక్కడ పెట్టారని అడిగితే ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్ గోడకి ఆనించి అని చెప్పింది. ఒకసారి కలిపే నీళ్ల సీసాలో మంచు ముక్క కనిపించిందట, కరిగాక కలిపి ఎక్కించిందట. ఫ్యాక్టర్ 8 ప్రోటీన్. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకట్టి కరిగిన వయల్ చూడడానికి మామూలుగానే ఉండొచ్చు, లోపల మందు సత్తువ ఎంత మిగిలిందో చెప్పలేం.

అక్కడికి అందరికీ విషయం అర్థమైపోయినట్టే అనిపించింది. మోతాదు తక్కువ, మందు చెడిపోయి ఉండొచ్చు, అందుకే బ్లీడ్ ఆగలేదు. సరైన మోతాదు కొత్త వయల్‌తో ఇస్తే సరిపోతుంది, రేపు ఇంటికి పంపొచ్చు. తప్పుపట్టడానికి లేని ఆలోచన. దొరికిన రెండు కారణాలూ నిజమే. తల్లి అప్పటికే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని "నేనే పాడు చేశాను" అంటోంది.

నన్ను ఆపింది తల్లి పుస్తకంలోని ఒక వివరం. చివరి ఆరు వయల్స్ బ్యాచ్ నంబరు వేరు. అవి మోకాలు వాచడానికి ముందు రోజే ఫార్మసీ నుంచి తీసుకున్నవి, ఫ్రిజ్‌లో పై అరలో చోటు లేక తలుపు దగ్గర పెట్టినవి. మూడు రోజుల్లో ఎక్కించిన మూడు వయల్సూ వాటిలోవే. అంటే గడ్డకట్టిన మందు అన్న వివరణ పాత వయల్స్‌కి అతుకుతుంది గానీ ఈ మూడింటికీ అతకదు.

ఇక మిగిలింది మోతాదు. ఫ్యాక్టర్ 8 లెక్క సులువు: కిలో బరువుకి ఒక ఐయూ ఇస్తే రక్తంలో ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. 500 ఐయూని 31తో భాగిస్తే కిలోకి 16. అంటే ఎక్కించిన వెంటనే 32 శాతం దాకా వెళ్లాలి. మోకాలి బ్లీడ్‌కి మేం 40 నుంచి 60 శాతం కోరుకుంటాం. కాబట్టి 32 తక్కువే. కానీ 32 శాతం సున్నా కాదు. బ్లీడ్ పూర్తిగా ఆగకపోయినా నొప్పి ఎంతో కొంత తగ్గాలి. పిల్లల్లో మందు తొందరగా ఖర్చవుతుంది, సగం కావడానికి 8 గంటలే అనుకున్నా, 14 గంటల తర్వాత 9, 10 శాతం మిగిలి ఉండాలి. మందు ఎక్కించే ముందు తీసిన శాంపిల్ ఫలితం ఒక శాతం కన్నా తక్కువ వచ్చింది.

9 శాతం

సరైన మోతాదు ఎంత? 50 శాతం పెంచాలంటే 31 ఇంటూ 50, అందులో సగం: 775 ఐయూ. మేం 1000 ఐయూ వయల్ మొత్తం ఎక్కించాం. తెరిచిన వయల్‌లో మందు మిగిల్చి పారేయడం ఎప్పుడూ చేయం, పై అంకెకి సర్దుతాం. మా స్టోర్‌లోని మందు, ఉష్ణోగ్రత చార్టు ఉన్న ఫ్రిజ్ నుంచి తీసింది. గది వేడికి వచ్చాక, నీళ్లు వయల్ గోడ మీదుగా జారేలా వదిలి, ఊపకుండా మెల్లగా తిప్పి కలిపాను. నురగ వచ్చేలా ఊపితే ప్రోటీన్ దెబ్బతింటుంది. ఫిల్టర్ నుంచి సిరంజిలోకి తీసి, నరంలో రక్తం వెనక్కి రావడం చూసుకుని నిదానంగా ఇచ్చాను. ఇంత వివరం ఎందుకు రాస్తున్నానంటే, మందు నిల్వ, కలపడం, నరం, మోతాదు ఈ నాలుగింటి మీదా ఇప్పుడు మాకు అనుమానం లేదు. ఇలాంటప్పుడు వచ్చే ఫలితం పిల్లాడి ఒంటి గురించి మాత్రమే మాట్లాడుతుంది. ఆ అవకాశాన్ని వదులుకోకూడదని డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడి అరగంటకీ, నాలుగు గంటలకీ శాంపిల్స్ రాయించుకున్నాను. వాటిని రెండో చేతి నుంచి తీశాం. మందు వెళ్లిన నరం నుంచే తీస్తే గొట్టంలో మిగిలిన మందు కలిసి అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. సిరంజి ఖాళీ అయిన నిమిషాన్ని గడియారం చూసి రాశాను, "సుమారు ఏడింటికి" అని రాస్తే ఈ పరీక్షకి అర్థం ఉండదు.

1000 ఐయూకి 64 శాతం రావాలి. అరగంటకి వచ్చింది 9 శాతం. నాలుగు గంటలకి ఒక శాతం కన్నా తక్కువ.

బరువు తప్పు మోతాదుని కొంత తగ్గించగలదు. చెడిన వయల్ మందుని తినేయగలదు. మా చేతులతో ఇచ్చిన మంచి మందుని ఒంట్లోనే మాయం చేసేది ఒకటే, ఇన్హిబిటర్. ఒంటికి ఫ్యాక్టర్ 8 కొత్త పదార్థంలా కనిపించి దాని మీద తయారుచేసుకున్న యాంటీబాడీ. తీవ్రమైన హీమోఫిలియా ఏ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం మందిలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఎక్కువ భాగం మందు ఒంట్లోకి వెళ్లిన తొలి 50 రోజుల్లోపే. ఆపరేషన్ లాంటి సందర్భాల్లో వరసగా, ఎక్కువ మోతాదులో మందు అందినప్పుడు ఆ ప్రమాదం పెరుగుతుంది. మన బాబుకి తక్కువ రోజుల అనుభవం మీద 11 రోజుల వరస చికిత్స పడింది. అయిదు రోజులకు మించి రోజూ మందు తీసుకున్నవాళ్లకి ఆఖరి మోతాదు తర్వాత నాలుగు వారాల్లోపు ఇన్హిబిటర్ పరీక్ష చేయాలి. ఆ పరీక్ష డిశ్చార్జి కాగితాల్లో లేదు.

ల్యాబ్‌లో బాబు ప్లాస్మాని మామూలు ప్లాస్మాతో కలిపి ఏపీటీటీ, అంటే గడ్డకట్టడానికి పట్టే సమయం, చూశారు. వెంటనే చూస్తే దాదాపు సరైంది, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి చూస్తే మళ్లీ పొడవైంది. ఫ్యాక్టర్ 8 ఇన్హిబిటర్ నిదానంగా పనిచేస్తుంది కాబట్టి ఈ రెండు గంటల ఎదురుచూపు తప్పనిసరి. ఇన్హిబిటర్ బలాన్ని కొలిచే బెథెస్డా పరీక్షలో 3.2 యూనిట్లు.

మొదటి నిర్ణయం, ఆరో రోజు

5 యూనిట్ల లోపు ఉంటే రెండు దారులు. ఫ్యాక్టర్ 8నే పెద్ద మోతాదులో ఇచ్చి యాంటీబాడీని ముంచేయడం ఒకటి. ఫ్యాక్టర్ 8తో పని లేకుండా గడ్డకట్టించే బైపాసింగ్ మందులు రెండోది. రెండింటి మీదా డాక్టర్ల మధ్య నిజమైన చర్చ జరిగింది. ఫ్యాక్టర్ 8 ఇస్తే రక్తంలో ఎంత ఉందో కొలవగలం, బైపాసింగ్ మందులకి అలాంటి నమ్మకమైన కొలత లేదు. అటువైపు, ఫ్యాక్టర్ 8 మళ్లీ చూపిస్తే యాంటీబాడీ రెచ్చిపోవచ్చు. అయితే అది పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆ వ్యవధి ప్రాణం మీదికొచ్చిన బ్లీడ్‌లో వరం. మోకాలికి అంత రిస్క్ తీసుకోవాలా అన్నది న్యాయమైన ప్రశ్న. తేల్చింది మాత్రం స్టోర్. ఆ రాత్రి మా దగ్గర బైపాసింగ్ మందు లేదు, తెప్పించడానికి రెండు మూడు రోజులు. మోకాలు బిగుసుకుంటోంది. ఫ్యాక్టర్ 8 పెద్ద మోతాదుతో మొదలుపెట్టి, అదే గంటలో బైపాసింగ్ మందుకి ఆర్డర్ పెట్టాం.

కిలోకి దాదాపు 100 ఐయూ, అంటే 3000. అరగంటకి 58 శాతం. 190 రావాల్సిన చోట 58. అయినా మోకాలికి అది చాలు. నాలుగు గంటలకి 14. అందుకని ఎనిమిది గంటలకొకసారి ఇస్తూ వెళ్లాం. రెండో రోజుకి కాలు కొంచెం చాపాడు. మూడో రోజు బాగా నిద్రపోయాడు. తల్లి మొహంలో కూడా ఊపిరి తిరిగింది.

మూడో రోజు బైపాసింగ్ మందు చేరింది. పని చేస్తున్న మందుని ఎందుకు ఆపాలి అన్న ప్రశ్న వచ్చింది, ఆపలేదు. రోజూ పొద్దున్నే మోతాదుకి ముందు, తర్వాత శాంపిల్ తీస్తూ ఉన్నాం. 58 శాతం వచ్చినది అయిదో రోజుకి 21 అయింది. ఆరో రోజు పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నానికి మోకాలు మళ్లీ వేడెక్కింది, టేపు రెండు సెంటీమీటర్లు పెరిగింది. ఇన్హిబిటర్ 41 యూనిట్లు. ఇక ఎంత ఫ్యాక్టర్ 8 పోసినా నీళ్లే. తల్లి మొదటి రోజు అన్న మాట అక్షరాలా నిజమైంది.

ఆ వారంలో వద్దన్నవి కూడా చెప్పాలి. కీలులోంచి సూదితో రక్తం లాగితే నొప్పి వెంటనే తగ్గుతుందని ఒక ఆలోచన వచ్చింది. రక్తం గడ్డకట్టే భరోసా లేకుండా ఆ కీలులో సూది పెట్టడం కొత్త బ్లీడ్‌ని పిలవడమే, వద్దనుకున్నాం. ఒక రాత్రి నొప్పికి కండరానికి ఇంజెక్షన్ రాసి ఉంది. హీమోఫిలియా పిల్లాడికి కండరంలో సూది పెట్టకూడదు, పైగా ఆ మందు ప్లేట్‌లెట్లని దెబ్బతీసే రకం. రాసినవారికి ఫోన్ చేసి మార్పించి పారాసిటమాల్ ఇచ్చాం, మోకాలికి బట్టలో చుట్టిన ఐసు విడతలుగా పెట్టాం, కాలు ఎత్తులో ఉంచాం. రాసింది ఎవరైనా ఆగి అడగడం నర్సు హక్కు, బాధ్యత కూడా.

రెండు గంటలకొకసారి

తెప్పించిన బైపాసింగ్ మందు, రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 7ఏ, మొదలైంది. కిలోకి 90 మైక్రోగ్రాములు, 31 కిలోలకి 2.8 మిల్లీగ్రాములు, 3కి సర్దాం. ఏపీసీసీ అనే మరో బైపాసింగ్ మందు 8 నుంచి 12 గంటలకొకసారి ఇస్తే సరిపోతుంది, నర్సులకి అది సులువు. కానీ దాన్ని ప్లాస్మా నుంచి తీస్తారు, అందులో కొంచెం ఫ్యాక్టర్ 8 కూడా ఉంటుంది, అసలే రెచ్చిపోయిన యాంటీబాడీని ఇంకా కదపొచ్చు. ముందుముందు వాడాలనుకున్న మందుతో దానికి పడదు కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

7ఏ పిల్లల ఒంట్లో పెద్దవాళ్లలో కన్నా తొందరగా ఖర్చవుతుంది. రెండు గంటలంటే రెండు గంటలే. ఈ మందు "పనిచేయలేదు" అని నేను విన్న సందర్భాల్లో చాలాసార్లు చార్టు చూస్తే రాత్రి రెండింటి మోతాదు మూడున్నరకి పడి ఉంటుంది. ఈ మందు గెలుపోటములు వార్డులో రాత్రి డ్యూటీ మీద ఆధారపడతాయని నేను గట్టిగా నమ్ముతాను. మోతాదుల టైములు ముందే రాసి మంచం తల దగ్గర అంటించాం. ప్రతి మోతాదుకీ ఒక నర్సు పేరు. షిఫ్ట్ మారే గంటలో పడే మోతాదుని వెళ్లే నర్సు ఇచ్చాకే వెళ్లాలి. మందు కలిపాక మూడు గంటల్లోపే వాడాలి, వేరే సెలైన్ బాటిల్‌లో కలపకూడదు, రెండు నుంచి అయిదు నిమిషాల్లో నరంలోకి ఇవ్వాలి.

రోజుకి పన్నెండు సార్లు నరం ముట్టుకోవాలి. మంచి చేతి ముంజేతిలో ఒకే కాన్యులా పెట్టి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ గొట్టం తగిలించి దుప్పటి బయటికి తెచ్చాం. రాత్రిళ్లు పిల్లాడిని లేపకుండానే మందు ఇవ్వగలిగాం. నిద్రపోయే పిల్లాడికి నొప్పి తక్కువ, నొప్పి తక్కువైతే కండరం బిగుసుకోదు. రెండో చేతిని శాంపిల్స్‌కి మాత్రమే ఉంచాం, అవీ రోజుకొకసారి. మోచేతి మడతలోని పెద్ద నరాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చార్టు మీద ఎర్రగా రాశాను. ఈ జబ్బులో నరం జీవితాంతం వాడుకోవాల్సిన ఆస్తి.

అంకెల్లో కొలవలేం కాబట్టి ఒంటినే కొలవాలి. మోకాలి చుట్టుకొలత తీసే చోట స్కిన్ పెన్నుతో గీత పెట్టాం, లేకపోతే ఒక్కో నర్సు ఒక్కో చోట కొలుస్తుంది. నాలుగు గంటలకొకసారి టేపు, నొప్పి అంకె, కాలు ఎంత చాపగలడు, వేళ్ల వెచ్చదనం, స్పర్శ. ఈ మందు గడ్డలు అక్కర్లేని చోట కూడా కట్టించగలదు కాబట్టి పిక్క నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం కూడా అడుగుతూ ఉన్నాం. ఆరు మోతాదుల తర్వాత నొప్పి ఏడు నుంచి నాలుగుకి దిగింది. రెండో రోజు టేపు తగ్గడం మొదలైంది. అప్పుడు మూడు గంటలకి, తర్వాత నాలుగు, ఆరుకి జరిపాం. ఒక్కసారిగా ఆపలేదు.

ఫిజియోథెరపిస్ట్ మొదటి రోజు నుంచీ వచ్చి చూసి వెళ్లేవారు, కానీ కదలిక మొదలుపెట్టింది నొప్పి తగ్గాకే. మంచం మీదే తొడ కండరం బిగించి వదలడంతో మొదలై, నిలబడేసరికి ఇంకో వారం. తొడ అప్పటికే సన్నబడింది. వాపు పోయిన రోజున కేసు ముగిసిందనుకుంటే అదే కీలు మళ్లీ మళ్లీ బ్లీడ్ అవుతుంది.

తల్లితో మాట

ఒక మధ్యాహ్నం పిల్లాడు నిద్రపోతుంటే ఆమెతో కూర్చున్నాను. ఫ్రిజ్ విషయం, బరువు విషయం సరిచేసుకోవాల్సినవే, వాటిని మృదువుగా దాటేయలేదు. ఆ తర్వాత 64 రావాల్సిన చోట 9 వచ్చిన కాగితం చూపించి, ఈ అంకె వచ్చింది మా మందుతో, మా చేతులతో అని చెప్పాను. ఇన్హిబిటర్ రావడంలో పుట్టుకతో వచ్చిన జన్యు మార్పుకి పెద్ద పాత్ర ఉంటుంది, ఫ్రీజర్‌కి లేదు. ఆమె చాలాసేపు ఆ కాగితమే చూసింది. అపరాధ భావంలో ఉన్న మనిషి వచ్చేసారి "నీళ్లు ఎక్కించినట్టుంది" అని చెప్పడానికి జంకుతుంది. ఆమె జంకకుండా ఉండడం మాకు చికిత్సలో భాగం.

ఇంటికెళ్లాక

బ్లీడ్ రాకుండా ఆపడానికి ఎమిసిజుమాబ్ ఎంచుకున్నారు. ఇది ఫ్యాక్టర్ 8 కాదు. మామూలుగా ఫ్యాక్టర్ 8 చేసే పనిని, అంటే గడ్డకట్టించే మరో రెండు ఫ్యాక్టర్లు 9ఏనీ 10నీ ఒకచోట చేర్చడాన్ని, ఈ యాంటీబాడీ తన రెండు చేతులతో చేస్తుంది. బాబులోని ఇన్హిబిటర్ దీన్ని గుర్తుపట్టదు. అమెరికాలో 2017 నవంబరులో మొదటిసారి అనుమతి వచ్చింది కూడా ఇన్హిబిటర్ ఉన్నవాళ్ల కోసమే. 1960లలో జూడిత్ పూల్ అనే శాస్త్రవేత్త క్రయోప్రెసిపిటేట్, అంటే ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్ 8 ఎక్కువగా ఉండే భాగం, కనిపెట్టినప్పటి నుంచి ఫ్యాక్టర్ చికిత్స అంటే నరం వెతకడమే. చర్మం కింద ఇచ్చే మందు పిల్లల చేతులకి ఎంత ఊరటో నరాలు వెతికిన నర్సుకి తెలుస్తుంది.

మొదటి నాలుగు వారాలు వారానికోసారి కిలోకి 3 మిల్లీగ్రాములు, అంటే 93 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకి 150 మిల్లీగ్రాములున్న వయల్‌లో అది 0.62 మిల్లీలీటర్లు. ఈ మందు మిల్లీలీటరుకి 30 మిల్లీగ్రాముల గాఢతలో కూడా వస్తుంది, రెండు గాఢతలని ఒకే సిరంజిలో కలపకూడదు. ఆ తర్వాత వారానికి కిలోకి ఒకటిన్నర మిల్లీగ్రాములు. పొట్ట, తొడ మార్చి మార్చి పెట్టమని నేర్పాం. మోకాలి పై తొడని మొదట్లో వదిలేయమన్నాను, అక్కడ వాపు వస్తే బ్లీడా సూది వల్లా అని తేల్చుకోలేం.

నేర్పడంలో ఎక్కువ సమయం తీసుకున్నవి రెండు. ఒకటి, ఈ మందు మీద ఉన్నప్పుడు ఏపీసీసీ. రెండూ కలిసినప్పుడు, ముఖ్యంగా ఏపీసీసీ రోజుకి కిలోకి 100 యూనిట్లు దాటి ఒక రోజు కన్నా ఎక్కువ ఇచ్చినప్పుడు, చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టడం, పెద్ద గడ్డలు రావడం తొలి ట్రయల్‌లోనే చూశారు. బ్లీడ్ వస్తే 7ఏ మాత్రమే అని కార్డు మీద రాసిచ్చాం. ఎమిసిజుమాబ్ ఆపేసినా ప్రభావం ఆరు నెలల దాకా ఉండొచ్చు, కార్డు అప్పటిదాకా జేబులోనే ఉండాలి.

రెండోది ల్యాబ్. ఎమిసిజుమాబ్ తీసుకునేవాళ్లలో ఏపీటీటీ మామూలుగా కనిపిస్తుంది. ఇది మాకు కొన్ని నెలల తర్వాత ఎదురైంది. బాబు తల గోడకి కొట్టుకుంటే దగ్గర్లోని అత్యవసర విభాగానికి తీసుకెళ్లారు. ఏపీటీటీ నార్మల్, ఇక ఫర్వాలేదన్నారు. తల్లి కార్డు చూపించి, ఈ పరీక్ష మావాడికి లెక్కలోకి రాదని చెప్పి, మాకు ఫోన్ చేసింది. 7ఏ ఇచ్చి స్కాన్ తీశారు, లోపల ఏమీ లేదు. ఫ్యాక్టర్ 8 మామూలు పరీక్షా, ఇన్హిబిటర్ మామూలు పరీక్షా కూడా ఈ మందు మీద తప్పు అంకెలిస్తాయి. ఆవు ప్రోటీన్లతో చేసే క్రోమోజెనిక్ (రంగు మార్పుతో కొలిచే) పద్ధతి అడగాలి. రిక్వెస్ట్ ఫారం మీద "ఎమిసిజుమాబ్ మీద ఉన్నాడు" అని రాయకుండా పంపిన శాంపిల్ రిపోర్టుని ఎవరూ నమ్మకూడదు.

మా పద్ధతిలో వచ్చిన మార్పులు

ఇప్పుడు మా దగ్గర ఫ్యాక్టర్ తీసుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లాడినీ తూకం వేశాకే వయల్స్ ఇస్తాం. వరసగా అయిదు రోజులు దాటి మందు తీసుకున్నవాళ్ల డిశ్చార్జి కాగితంలో ఇన్హిబిటర్ పరీక్ష తేదీ రాస్తాం, ఆ తేదీకి ఫోన్ చేసే నర్సు పేరుతో సహా. అనుకున్నట్టు తగ్గని బ్లీడ్‌కి మోతాదు పెంచే ముందు ఒక శాంపిల్, పెంచాక ఒక శాంపిల్. ఇంట్లో తప్పు దొరికినా సరే ఆ రెండు శాంపిల్స్ మానం, ఎందుకంటే ఇంటి తప్పు ఎంత మందుని మింగగలదో లెక్కవేయొచ్చు, మిగతాది ఎక్కడికి పోయిందో లెక్క చెప్పాలి. ఒక 7ఏ మోతాదు ఎప్పుడూ స్టోర్‌లో ఉంచాలని అడిగి సాధించుకున్నాం.

తేలనిది ఒకటుంది. ఇన్హిబిటర్‌ని తొలగించే చికిత్స, అంటే నెలల తరబడి క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ 8 ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం, ఈ బాబుకి చేయాలా? యాంటీబాడీ 10 యూనిట్ల లోపుకి దిగాక మొదలుపెడితే ఫలించే అవకాశం ఎక్కువ. 2012లో వెలువడిన అంతర్జాతీయ ట్రయల్‌లో రోజూ కిలోకి 200 ఐయూ ఇచ్చినా, వారానికి మూడుసార్లు 50 ఇచ్చినా విజయం దాదాపు ఒకేలా వచ్చింది, తక్కువ మోతాదు వాళ్లకి మధ్యలో బ్లీడ్లు ఎక్కువయ్యాయి. ఇప్పుడు ఎమిసిజుమాబ్ ఆ మధ్యకాలాన్ని కాపాడగలదు కాబట్టి తక్కువ మోతాదు దారి మళ్లీ ఆలోచించదగ్గది. ఫలిస్తే, రేపు పెద్ద ఆపరేషనో ప్రమాదమో వచ్చినప్పుడు కొలవగలిగే, నమ్మగలిగే ఫ్యాక్టర్ 8 మళ్లీ చేతికొస్తుంది. మరోవైపు, బాగా ఆడుకుంటున్న పిల్లాడిని మళ్లీ వారానికి మూడుసార్లు సూదికి కూర్చోబెట్టాలి. కిందటి పరీక్షలో 8 యూనిట్లు. ఎర్ర రాతతో కాపాడుకున్న మోచేతి నరం బాగుంది. బాబుని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాలని తల్లి అడిగింది, వచ్చే విజిట్‌కి ఒక గంట ఆ మాటల కోసమే పెట్టాం.